పది చీట్ల సంసారము

పేక యన్న పేరు వినినంతనే మీలో కొందఱు మొగము ముడుచుకొందురని యెఱుగుదుము. మా పుట్టినింటను అంతే. చీట్లు చేతబట్టిన యింట లక్ష్మి నిలువదని మా నాయనగారు చెప్పెడివారు. అందుచేత మేము ముప్పదియైదేండ్లు కాపురము చేసియు పేకకట్టను ముట్టి యెఱుగము. అట్టి మేము ఈ నడుమ, అఱువది నిండిన పిమ్మట, ప్రతి శనివారము సాయంకాలమున చీట్లు ముందఱ వేసికొని, ఏది కొనవలెను, ఏది కొనరాదు అని తల పట్టుకొని కూర్చుండుచున్నాము. దాని వలన మాకు గలిగిన లాభనష్టములను మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా మేనకోడలు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచున్నది. 1918లో స్థాపింపబడిన ఆ విద్యాలయమునకు 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్సు కాలేజీ భవనము శిరోభూషణము వంటిదని మీరెఱుగుదురు. ఈ పిల్ల తార్నాకలో స్నేహితురాండ్రతో గది తీసికొని యున్నది. శనివారము వచ్చినదనిన ఆ భవనము ముందఱినుండి చెట్ల నీడల బాటను దాటి, శివం రోడ్డు మీదుగా మా అంబర్‌పేట యింటికి వచ్చును. వచ్చునపుడు చేతనేదో యొకటి తెచ్చును. గడచిన వానకాలమున నొకనాడు తడిసిన సంచిలోనుండి పెద్ద పెట్టె నొకదానిని దీసి మా భోజనపు బల్లపై బెట్టెను.

“ఇదేమమ్మా?” అని యడిగితిమి.

“చీట్లాట అత్తయ్యా. పందెము లేదు, పైకము లేదు. సంసారము చక్కబెట్టుకొనుటయే ఆట” అనెను.

మావారు పత్రిక మడిచి, “పేకలో ఉన్నది నేర్పా అదృష్టమా యను తగవు మన యూరినుండియే సుప్రీముకోర్టు వఱకు పోయినది, తెలియునా?” అనిరి. సికిందరాబాదులో నొక క్లబ్బున రమ్మీ ఆడుచుండిరని పోలీసువారు పెట్టిన వ్యాజ్యెములో, 1967లో ఆ న్యాయస్థానము రమ్మీ ప్రధానముగా నేర్పుతో గూడిన యాటయే యని తీర్పు చెప్పినదట. పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట, ఏది యుంచుకొనవలెనో యేది పాఱవేయవలెనో తెలిసికొనుట నేర్పుగాక మఱేమి యని వారి భావము. అట్లని పైకమొడ్డి ఆడుట వేఱు సంగతి. అంతర్జాలమున పందెపు రమ్మీని తెలంగాణ ప్రభుత్వము 2017లో నిషేధించినది. 2025లో పార్లమెంటు చేసిన చట్టము పైకముతో నాడు అంతర్జాలపుటాటల నన్నిటిని దేశమంతట కట్టిపెట్టినది. ఎన్ని సంసారములు కూలిన పిమ్మట ఆ చట్టములు వచ్చినవో మనకు తెలియనిది కాదు. మా బల్లమీది పెట్టెలో అట్టి ప్రమాదము లేదని తెలిసిన తరువాతనే మా అత్తగారు కండ్లజోడు తెప్పించుకొనిరి. వారికిప్పుడు ఎనుబదినాలుగేండ్లు. కోడలు వంటయింటి దీపమార్పి వచ్చి కూర్చుండెను. మేము నలుగురమైతిమి.

ఆ యాట పేరు డొమినియన్. అమెరికా దేశస్థుడగు డొనాల్డ్ వక్కరీనో యను నతడు దానిని కల్పించెను. 2008లో వెలువడినది, మఱుసటి యేడు జర్మనీ దేశమున ఆ సంవత్సరపు ఉత్తమమైన ఆటగా బహుమానము పొందినది. చీట్లమీది యింగ్లీషు పేర్లు మా అత్తగారికి నోట తిరుగవు గనుక మేమే వానికి పేర్లు పెట్టుకొంటిమి. రాగి, వెండి, పసిడి యను ధనపు చీట్లున్నవి. రాగి ఒక కాసు, వెండి రెండు, పసిడి మూడు కాసులు పలుకును. భూములున్నవి: చిన్నది మాన్యము, నడిమిది జమీ, పెద్దది సంస్థానము. ఆట ముగిసిన తరువాత గెలుపోటములు తేల్చునవి ఈ భూములే. మాన్యమునకు ఒక గుఱుతు, జమీకి మూడు, సంస్థానమునకు ఆఱు. ఇవిగాక పల్లె, కొలిమి, సంత, గుడి మొదలగు పది రకముల చీట్లు బల్లమీద కుప్పలుగా నుండును. ఒక్కొక్కటి ఒక్కొక్క పని చేసిపెట్టును.

ప్రతివారికిని మొదట పది చీట్ల సంసారమే యిత్తురు: ఏడు రాగులు, మూడు మాన్యములు. వానిని కలిపి, పైనుండి ఐదు చీట్లు చేతికి తీసికొనవలెను. చేతిలోని కాసులతో వంతునకు సాధారణముగా ఒక చీటిని కొనవచ్చును. కొనినదానిని వెంటనే వాడుకొనుటకు లేదు. ప్రక్క కుప్పలో వేయవలెను. వంతు ముగియగానే చేతనున్నవి, వాడినవియు వాడనివియు, అన్నియు ఆ కుప్పలోనికే పోవును. కట్ట అయిపోయినపుడు ఆ కుప్పను కలిపి మఱల కట్టగా జేయుదురు. అప్పుడు కొనినది చేతికి వచ్చును. ఖర్చుపెట్టిన డబ్బును మఱల వచ్చును. వినుటకెంత హాయిగానున్నది! ఇట్టి సంసారము మనకేల దొరకలేదని కోడలు నవ్వెను.

మేము చేసిన మొదటి తప్పు ఆ హాయిని నమ్ముటయే. సుల్తాన్ బజారుకు పోయి రవికెలగుడ్డ కొఱకని బయలుదేరి సంచులు నింపుకొని వచ్చినట్లు, కనబడిన కుప్పలోనుండి తలా ఒకటి కొంటిమి. సంత బాగున్నదని సంత, పల్లె చౌకయని పల్లె, బొమ్మ ముద్దుగా నున్నదని మఱియొకటి. పదునైదు వంతులైనపుడు మా కట్ట లావెక్కినది. చేతికి మాత్రము కావలసినది కావలసినప్పుడు వచ్చుట లేదు. వెండి కొఱకు చూచిన మాన్యము వచ్చును. పసిడి కొఱకు చూచిన నిరుడు కొని మఱచిన చీర వలె ఏదో యొకటి వచ్చును.

అప్పుడు మేనకోడలొక మాట చెప్పెను. “అత్తయ్యా, కొనిన చీటికి రెండు వెలలు. ఒకటి ఇప్పుడిచ్చెడి కాసులు. రెండవది, అది చేతికి వచ్చినపుడెల్ల మఱియొక చీటి రాకుండ చేయుట. చేతిలో ఐదే చోటులున్నవి గదా.”

ఈ రెండవ వెలను అంగడిలో నెవ్వరును చీటివ్రాసి అంటింపరు. మన యిండ్లలోనో? స్టీలు గిన్నె నొకదానిని కొనినప్పుడు గిన్నె వెలయే చూతుము. దానిని తోముటయు, తుడుచుటయు, దాని వెనుకబడిన గిన్నెను వెదకి తీయుటయు ఎవరి ఖాతాలో వ్రాయుదుము? ఆ రాత్రి మా వంటయింటి అలమారు తెఱచి చూచితిమి. అందు ఏడు ఇడ్డెన పళ్లెములుండెను. ఇంట నున్నవారము అయిదుగురము. మా కుక్కరున పట్టునవి నాలుగు.

కోడలు చేసిన తప్పు వేఱు. కొలిమి చీటి ఆమెకు మిక్కిలి నచ్చినది. నాలుగు కాసులకు దొరకును. వాడిన మఱి మూడు చీట్లు చేతికి వచ్చును. ఎంత మంచిది! అందుచేత నాలుగు కొలుములు కొనెను. కాని వంతునకు పనిచీటిని ఒకదానినే వాడవలెను. పల్లె చీటి యున్ననే మఱియొకదానికి వీలు. రెండు కొలుములొక్కమాఱు చేతికి వచ్చినపుడు రెండవది చల్లారి కూర్చుండును. “తిరుగళ్లు రెండున్నవి, విసరు చేయి యొకటే” అని మా అత్తగారనిరి. మంచి వస్తువు రెండవమాఱు కొనునపుడు అంత మంచిది కాకపోవచ్చును. దాని మంచితనము అప్పటికే యింట నున్నవానిని బట్టి యుండును. పల్లె ముందు, రెండవ కొలిమి తరువాత: ఈ వరుస తెలిసికొనుటకు కోడలికి మూడు శనివారములు పట్టినది.

ఇక మా అత్తగారి యాట వినుడు. మొదటివంతున వారి చేతికి మూడు కాసులు వచ్చినవి. మూడు కాసులకు వెండి వచ్చును. ఎవరైనను వెండియే కొందురు. వారు రెండు కాసుల గుడి చీటిని కొనిరి. మిగిలిన కాసు ఆ వంతుతో వ్యర్థమైనది. మేము నవ్వితిమి. గుడి చేయు పని యేమనగా, చేతిలోని చీట్లలో నాలుగింటివఱకు తీసి ఆటనుండియే తొలగింపవచ్చును. అవి మఱి రావు. కొనుటకు కూర్చున్న యాటలో పాఱవేయుటకు డబ్బిచ్చి కొనుటయా యని మా నవ్వు.

తరువాత గుడి చేతికి రాగానే వారు మాన్యములను దీసి బల్లమధ్య నుంచిరి. మాకు గుండె గతుక్కుమన్నది. “అయ్యో, భూమిని పాఱవేయుదురా అత్తగారూ! మూడు గుఱుతులు పోవునుగదా” అంటిమి.

వారు కాగితము తెమ్మనిరి. వారిది అణాల లెక్క. 1957లో నయాపైసలు వచ్చునాటికి వారు పెండ్లికెదిగిన పిల్ల. ఆ లెక్క వారిని విడువలేదు. “చూడుము. పది చీట్లకు ఏడు రూపాయలు. చేతికి ఐదు చీట్లు గనుక సగటున మూడున్నర. నీ వలె వెండి చేర్చుకొందునా, పదునొకండు చీట్లకు తొమ్మిది రూపాయలు. చేతికి నాలుగు రూపాయల అణాన్నర. నా వలె గుడిని చేర్చి మాన్యములు మూడును తీసివైతునా, ఎనిమిది చీట్లకు ఏడు రూపాయలు. చేతికి నాలుగు రూపాయల ఆఱణాలు.” మేనకోడలు తన ఫోనులో లెక్కవేసి చూచినది. ఒక్క దమ్మిడీ తప్పు లేదు. ఒక్క రూపాయయు చేర్చుకొనకయే, అక్కఱలేనిది తొలగించుటచేత, వారు మాకంటె భాగ్యవంతులైరి.

“అయినను భూమిగదా!” యని మరల నంటిమి.

“మా మామగారు మూడెకరముల చవుడునేలకై పదునేడేండ్లు కోర్టులచుట్టు తిరిగిరి. గెలిచిరి కూడను. ఆ నేలలో గడ్డి మొలవలేదు. ఆ పదునేడేండ్లు మా అత్తగారి చేతికి వచ్చిన ఐదు చీట్లలో ఒకటి ఎల్లప్పుడు ఆ నేలయే” అని వారు మెల్లగా ననిరి. వారు ఆ సంగతి మాకు చెప్పుట అదియే మొదటిమాఱు.

అట్లని యన్నిటిని పాఱవేయుటయు తెలివి కాదు. రాగులు కూడ తక్కువవియే. కాని వెండి, పసిడి చేతికి రాకమునుపే రాగులను తొలగించుకొనినవారు కొనుటకు కాసులేక చేతులు నలుపుకొందురు. ఒక శనివారము మేము అట్లు చేసి ఐదు వంతులు ఊరక కూర్చుంటిమి. పాత నూతిని పూడ్చుటకు ముందు క్రొత్త నూతిలో నీరు పడవలెను గదా.

ఇక అన్నిటికంటె కష్టమైన లెక్క, మమ్ము నిదురపోనీయని లెక్క, చెప్పవలసి యున్నది.

సంస్థానము వెల ఎనిమిది కాసులు. నలుగురాడునపుడు అవి పండ్రెండే యుండును. ఆ కుప్ప తీఱినచో ఆట ముగియును. మఱి యే మూడు కుప్పలు తీఱినను ముగియును. సంస్థానము గెలిపించును గాని, చేతికి వచ్చినపుడు ఒక కాసును ఇవ్వదు. అందుచేత ముందుగా కొనినచో కట్ట మొద్దుబాఱును. ఆలస్యముగ కొందమనినచో మిగులవు. ధనము కూర్చుట యెంతవఱకు, ఫలము పుచ్చుకొనుట యెప్పటినుండి యన్నదే ఈ యాటకు ఆయువుపట్టు.

ఆనాడు మూడు మాఱులు మా చేతికి ఎనిమిదేసి కాసులు వచ్చినవి. మూడు మాఱులును, కట్టను ఇంకను బలపఱచుకొందమని, ఆఱు కాసుల పసిడినే కొంటిమి. మొదటిమాఱు అట్లు కొనుట తప్పు కాదట. మూడవమాఱు మేనకోడలు మా చేయి పట్టుకొని, “అత్తయ్యా, మీ కట్టలో ముప్పది చీట్లున్నవి. ఐదేసి చొప్పున అది యొకమాఱు తిరుగుటకు ఆఱు వంతులు. అక్కడ సంస్థానములు మూడే మిగిలినవి. ఈ పసిడి మీ చేతికి ఎన్నడు వచ్చును?” అని యడిగెను. మేము వినలేదు. ఆ పసిడి మా చేతికి రాలేదు. ఆట ముగిసినది. అత్తగారికి ఐదు సంస్థానములు, మేనకోడలికి నాలుగు, కోడలికి రెండు, మాకొకటి. గుఱుతులు లెక్కింపగా వారికి 30, మాకు 9. మా కట్టలో మాత్రము పసిడి అందఱికంటె ఎక్కువగా నుండెను.

అందఱును నవ్వుచుండగా మేము లేచి పెరటిలోనికి పోతిమి. మాకు మా పెద్దక్కయ్య జ్ఞప్తికి వచ్చినది.

ఆమె రాజమహేంద్రవరమున నుండెడిది. మమ్ము ఎత్తుకొని పెంచినది. 2009లో, “నెల దినములు వచ్చి నాయొద్ద ఉండవే” యని పిలిచినది. అప్పుడే ఘట్‌కేసర్ దగ్గఱ స్థలమునకు బయానా ఇచ్చితిమి. వాయిదాలు తీఱిన పిమ్మట వత్తుమంటిమి. 2012లో మఱల పిలిచినది. అప్పుడు చిట్టీ యొకటి నడుచుచున్నది. 2015లో గోదావరి పుష్కరములు. “ఇప్పుడు రాకున్న మఱి పండ్రెండేండ్లకే” యని వ్రాయించినది. ఆ యేడు రెండవ స్థలము రిజిస్టరు చేయించుకొనుచుంటిమి. ఇవి తీఱనీ, తీఱికగా పోదమని మేమును మావారును అనుకొంటిమి. 2018 మాఘమాసమున ఆమె పోయినది. మేము చేరునప్పటికి ఆమెను వీధి అరుగుమీద పరుండబెట్టి యుండిరి. తరువాతి పుష్కరములు 2027లో వచ్చును. పిలుచుటకు ఆమె యుండదు.

మూడు మాఱులు ఎనిమిది కాసులు చేతబట్టుకొని మూడు మాఱులును పసిడినే కొంటిమి. ఆ స్థలములలో ఈనాటికి తుమ్మచెట్లున్నవి.

స్థలము కొనుట తప్పని మేమనుట లేదు. మొదటిది కొనకున్న కుమారుని చదువునాడు గుండె దిటవుండెడిది కాదు. పసిబిడ్డలున్న తల్లి, ఆట మొదలుపెట్టుచున్న పిల్ల, కూడబెట్టవలసినదే. వారికి కట్ట అనేకమాఱులు తిరుగును, పెట్టినది పదిమాఱులు చేతికి వచ్చును. అదే చీటి అఱువదియేండ్ల వారికి అదే చీటి కాదు. వెల మాఱలేదు, బొమ్మ మాఱలేదు; మిగిలిన వంతులు మాఱినవి.

పోయిన నెలలో మావారు కాగితమొకటి తెచ్చిరి. ఘట్‌కేసర్ దాటిన పిమ్మట క్రొత్త లేఔటు. వెల సరసముగా నున్నదట.

“ఏమందువు?” అనిరి.

“మనకు వంతులెన్ని మిగిలినవండీ?” అంటిమి.

వారు మొదట నవ్విరి. తరువాత నవ్వలేదు. “పిల్లలకుండును గదా” అనిరి.

“పిల్లల కట్ట పిల్లలు కట్టుకొనుచున్నారు. మన మూడవ స్థలము వారి చేతికి వచ్చునపుడు అది వారికి మాన్యమో చవుడునేలయో ఎవరికెఱుక? చిన్నక్కయ్య ధవళేశ్వరములో నున్నది. మోకాళ్లు పట్టుకొనిపోయినవి, తాను రాలేదు.”

వారు చాలసేపు ఏమియు అనలేదు. వాదించి గెలిచితిమని వ్రాసిన అబద్ధమగును. ఆ కాగితము రెండుదినములు బల్లమీదనే యుండెను. మూడవనాటి యుదయమున దానిమీద కాఫీ గ్లాసు పెట్టి, తమ ఫోను మా చేతికిచ్చిరి. సికిందరాబాదునుండి గౌతమి ఎక్స్‌ప్రెసులో రాజమహేంద్రవరమునకు రెండు టిక్కెట్లు. తిరుగు టిక్కెట్లు ఏవియని యడిగితిమి. “అవి తరువాత చూతము” అనిరి.

సోదరులారా, ఆటనుండి మేము నేర్చినది చిన్న లెక్కయే. కొనబోవునపుడు మూడు ప్రశ్నలు వేసికొనుచున్నాము. ఇది చేతికి వచ్చినపుడు చేయు పనియేమి? ఎన్నిమాఱులు వచ్చును? అది వచ్చుటచేత రాకపోవునదేది? ఈ ప్రశ్నలచేత మా యింట ఇడ్డెన పళ్లెములు మూడు పనిమనిషి యింటికి పోయినవి. బీరువాలో ఒక అఱ ఖాళీ యైనది. ఆ ఖాళీ యఱను తెఱచి చూచుట యిప్పుడు మాకొక వేడుక.

ఈ వ్రాతను ముగించునప్పటికి పెట్టె కట్టుట సగమైనది. రెండు చీరలు చాలునని మేము, నాలుగుండవలెనని కోడలు. చిన్నక్కయ్యకు ఇష్టమని మా అత్తగారు స్వయముగా కూర్చుండి సున్నియుండలు చుట్టించినారు. మేనకోడలు చీట్ల పెట్టెను కూడ తీసికొనిపొమ్మనినది. చోటు లేదంటిమి గాని, చీరలలో నొకటి తీసివైచిన చాలును గదా.